రివార్డు పాయింట్లను ఖర్చు పెట్టే విద్య

ఏ క్రెడిట్ కార్డు తీసుకుంటే మంచిదని అడిగే స్నేహితులకు నేను వెంటనే కార్డు పేరు చెప్పను. వచ్చే ఏడాదిలో మీరు ఎక్కడికి, ఏ నెలలో, ఎంతమందితో ప్రయాణం చేయాలనుకుంటున్నారని ముందు అడుగుతాను. ప్రకటనల్లో కనిపించేదంతా ఎన్ని పాయింట్లు వస్తాయన్న సంగతే కాబట్టి, ఈ ప్రశ్న చాలామందికి అసందర్భంగా తోస్తుంది. కానీ పాయింటు మన ఖాతాలో చేరిన రోజున దాని విలువ ఎంతో ఎవరూ చెప్పలేరు. దానిని దేనికి మార్చుకున్నామో ఆ రోజునే అది తేలుతుంది. బిల్లులో తగ్గింపుగా వాడుకున్నవారికి పావలా విలువ చేసిన పాయింటే, ఓపికగా వెతికి విమాన టికెట్టు తీసుకున్నవారికి రూపాయి విలువ చేయడం ఈ రంగంలో మామూలు విషయం. అందుకే ఇక్కడ సంపాదన గురించి తక్కువగా, ఖర్చు గురించి ఎక్కువగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక షరతు ఉంది. ప్రతి నెలా బిల్లు మొత్తాన్ని గడువులోగా చెల్లించలేని పరిస్థితిలో ఉన్నవారికి ఈ విద్య ఏ మాత్రం ఉపయోగపడదు. నెలకు 3 శాతం వడ్డీ అంటే, చక్రవడ్డీతో కలిపి ఏడాదికి 42 శాతం దాటుతుంది. రివార్డుల రాబడి సాధారణంగా నూటికి ఒకటి రెండు దగ్గర ఉంటుంది కనుక, ఒక్క నెల వడ్డీతోనే అది తుడిచిపెట్టుకుపోతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగిలినది వాయిదా వేస్తే, చాలా బ్యాంకులు వడ్డీలేని గడువును ఎత్తివేసి, ఆ తరువాత చేసే కొత్త కొనుగోళ్ళకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కకడతాయి. బాకీ ఉన్నవారు ముందు ఆ బాకీ తీర్చుకోవాలి. దానిని మించిన రివార్డు ఏ కార్డులోనూ లేదు.

ఈ పాయింట్లకు డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో తెలిస్తే మిగిలిన విషయాలు సులభంగా అర్థమవుతాయి. మనం కార్డు గీసిన ప్రతిసారీ దుకాణదారుకు పూర్తి సొమ్ము అందదు. అందులో కొంత ఇంటర్‌ఛేంజ్ రుసుము పేరుతో మన కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ఆ రుసుములో ఒక భాగమే మనకు రివార్డుగా తిరిగి వస్తుంది. ఆస్ట్రేలియా రిజర్వు బ్యాంకు 2003లో ఈ రుసుముకు కళ్ళెం వేసింది. ఐరోపా సమాఖ్య 2015లో వినియోగదారుల క్రెడిట్ కార్డులపై దానిని 0.3 శాతానికి పరిమితం చేసింది. ఇలాంటి పరిమితులున్న చోట బ్యాంకులు పంచిపెట్టగలిగేది తక్కువ కాబట్టి రివార్డులు పలచబడతాయి. పరిమితులు లేని అమెరికా వంటి చోట్ల పెద్ద పెద్ద బోనస్‌లు కనిపిస్తాయి. ఒక దేశంలోని కార్డు గురించి చదివిన సలహాను మరో దేశంలో యథాతథంగా పాటించకూడదనడానికి ఇదే ముఖ్య కారణం.

మైళ్ళ సంగతి, అంటే విమాన సంస్థలు ఇచ్చే పాయింట్ల సంగతి, ఇంకొంచెం పాతది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో అడ్వాంటేజ్ అనే పథకాన్ని ప్రారంభించినప్పుడు, విమానంలో ఎగిరినవారికే మైళ్ళు వచ్చేవి. 1987లో సిటీబ్యాంకుతో కలిసి కార్డు తెచ్చిన తరువాత, ఇంట్లో కూర్చుని కొన్న వస్తువులకూ మైళ్ళు రావడం మొదలైంది. అప్పటి నుంచి ఎయిర్‌లైన్స్ తమ మైళ్ళను బ్యాంకులకు టోకుగా అమ్ముకుంటున్నాయి. ఈ వ్యాపారం ఎంత పెద్దదో కోవిడ్ కాలంలో అందరికీ తెలిసివచ్చింది. విమానాలు నేలకు పరిమితమైన 2020లో యునైటెడ్ సంస్థ తన మైళ్ళ పథకాన్ని హామీగా చూపి 680 కోట్ల డాలర్లు, డెల్టా సంస్థ 900 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. మరుసటి ఏడాది అమెరికన్ సంస్థ అదే పద్ధతిలో 1000 కోట్ల డాలర్లు సమకూర్చుకుంది. మైళ్ళు ముద్రించే అధికారం, వాటి ధర నిర్ణయించే అధికారం రెండూ ఆ సంస్థల చేతిలోనే ఉన్నాయి. పాయింట్ల గురించి నేను తీసుకునే ప్రతి నిర్ణయం వెనుకా ఈ ఒక్క సంగతి ఉంటుంది.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక టికెట్టు నగదు ధర 300 అనుకుందాం. కరెన్సీ ఏదైనా ఫరవాలేదు. అదే సీటు పాయింట్లతో తీసుకుంటే 20,000 పాయింట్లు, దానిపై పన్నులు, సర్‌ఛార్జీల కింద మరో 60 కట్టాలి. అంటే 20,000 పాయింట్లు మనకు ఆదా చేసినది 300 కాదు, 240 మాత్రమే. వంద పాయింట్లకు 1.2 వచ్చినట్టు. ఇక్కడితో లెక్క ముగియలేదు. నగదుతో కొని ఉంటే ఆ ప్రయాణానికి మనకు మరో 1,500 పాయింట్లు వచ్చేవనుకోండి, వాటిని కూడా వదులుకున్నట్టే. అప్పుడు అసలు ఖర్చు 21,500 పాయింట్లు, వంద పాయింట్ల విలువ సుమారు 1.1. ఇదే బ్యాంకు బిల్లు తగ్గింపు కింద వంద పాయింట్లకు 0.5 ఇస్తూ, వోచర్ల కింద 0.7 ఇస్తుంటే, టికెట్టు తీసుకోవడమే లాభం. సర్‌ఛార్జీ 60 కాకుండా 180 ఉంటే మాత్రం ఆ టికెట్టు బిల్లు తగ్గింపు కన్నా అంత మెరుగేమీ కాదు. కొన్ని ఎయిర్‌లైన్స్ అవార్డు టికెట్లపై, అంటే పాయింట్లతో తీసుకునే టికెట్లపై, భారీగా ఇంధన సర్‌ఛార్జీ వేస్తాయి, మరికొన్ని వేయవు. కాబట్టి పాయింట్ల సంఖ్య ఒక్కటే చూసి మురిసిపోకూడదు.

బిజినెస్ క్లాసు టికెట్ల విషయంలో ఈ లెక్క మనల్ని సులభంగా దారి తప్పిస్తుంది. నగదు ధర 3,000 ఉన్న సీటు లక్ష పాయింట్లకు దొరికితే, వంద పాయింట్లకు 3 వచ్చిందని చెప్పుకోవచ్చు. అయితే ఆ సీటుకు 3,000 పెట్టి కొనే మనిషి కానప్పుడు, 3,000 ఆదా అయిందనడం నిజం కాదు. నా పద్ధతి ఏమిటంటే, ఆ రాత్రి పడుకుని ప్రయాణం చేసే సౌకర్యానికి నా జేబులో నుంచి గరిష్ఠంగా ఎంత ఇస్తానో ముందే మనసులో అనుకుని, దానినే నగదు ధరగా వేసుకుంటాను. అది 1,400 అయితే వంద పాయింట్ల విలువ 1.4. ఆ మాత్రం వచ్చినా చాలా సందర్భాలలో అది మంచి బేరమే. వృద్ధులైన తల్లిదండ్రులను దూరప్రయాణానికి తీసుకువెళ్ళేటప్పుడు నేను ఆ అంకెను ఇంకా పెంచుకుంటాను, అందులో నాకు ఏ సంకోచమూ లేదు. విలువ అనేది మన అవసరంతో ముడిపడినది కనుక, ఎవరో తయారుచేసిన పట్టికలోని సగటు విలువ కంటే మన అంకే మనకు ప్రమాణం.

పాయింట్లను ఎయిర్‌లైన్స్‌కు, హోటళ్ళకు బదిలీ చేసుకునే వీలున్న కార్డులను నేను అన్నిటికంటే మేలైనవిగా భావిస్తాను. ఒకే ఎయిర్‌లైన్స్ పేరుతో వచ్చే కార్డులో మైళ్ళు నేరుగా ఆ సంస్థ ఖాతాలోకి పోతాయి. ఆ సంస్థ రేట్లు మారిస్తే మనం చేయగలిగింది ఏమీ లేదు. బ్యాంకు పాయింట్లు బ్యాంకు దగ్గరే ఉన్నంతకాలం నాలుగైదు దారులు తెరిచి ఉంటాయి. ఈ బదిలీ మాత్రం ఒకవైపే జరుగుతుంది, వెళ్ళిన పాయింట్లు వెనక్కి రావు. అందుచేత సీటు ఉందో లేదో చూడకుండా పాయింట్లు పంపకూడదు. బదిలీ కొన్ని చోట్ల నిమిషాల్లో పూర్తవుతుంది, మరికొన్ని చోట్ల రోజులు పడుతుంది. ఆ లోపు సీటు పోయే అవకాశం ఉన్నప్పుడు, ఫోనులో అడిగితే సీటును కొద్ది రోజులు పట్టి ఉంచే సౌకర్యం ఆ ఎయిర్‌లైన్స్‌లో ఉందేమో కనుక్కోవాలి. బదిలీ నిష్పత్తి కూడా చూడాలి. ఒకటికి ఒకటి ఇచ్చే భాగస్వామి ఉండగా రెండుకు ఒకటి ఇచ్చే భాగస్వామికి పంపితే సగం విలువ దారిలోనే పోయినట్టు. మారియట్ హోటళ్ళ పాయింట్లు చాలా ఎయిర్‌లైన్స్‌కు మూడుకు ఒకటి చొప్పున మారతాయి, 60,000 ఒక్కసారిగా పంపితే అదనంగా 5,000 మైళ్ళు కలుస్తాయి. అయినప్పటికీ హోటలు పాయింట్లను హోటలు గదులకే వాడుకోవడం ఎక్కువ సందర్భాలలో లాభదాయకమని నా అనుభవం.

ఒక ఎయిర్‌లైన్స్ మైళ్ళతో ఆ సంస్థ విమానమే ఎక్కాలన్న నియమం లేదు. ఈ సంగతి కొత్తవారిలో చాలామందికి తెలియదు. స్టార్ అలయన్స్ 1997లో, వన్‌వరల్డ్ 1999లో, స్కైటీమ్ 2000లో విమాన సంస్థల కూటములుగా ఏర్పడ్డాయి. ఒకే కూటమిలోని సంస్థలు ఒకరి మైళ్ళతో మరొకరి సీట్లు ఇస్తాయి, వాటికి వసూలు చేసే మైళ్ళు మాత్రం ఒక్కో సంస్థకు ఒక్కో తీరుగా ఉంటాయి. అదే విమానంలో, అదే వరుసలోని సీటుకు ఒక సంస్థ పథకంలో 45,000 మైళ్ళు, మరో సంస్థ పథకంలో 70,000 మైళ్ళు అడగడం వింత కాదు. ఆ విమానం ఎవరిదో చూసి ఊరుకోకుండా, దానిని ఏ పథకం ద్వారా బుక్ చేస్తే చవకో వెతకడమే ఇందులోని అసలు పనితనం. ఎయిర్‌లైన్స్ సాధారణంగా ప్రయాణానికి 330 నుంచి 360 రోజుల ముందు తేదీలు తెరుస్తాయి. అప్పుడు కొన్ని అవార్డు సీట్లు కనిపిస్తాయి, మళ్ళీ బయలుదేరే రోజు దగ్గరపడ్డాక అమ్ముడుపోని సీట్లు బయటకు వస్తాయి. మధ్య కాలంలో వెతికేవారికే నిరాశ ఎక్కువ. నలుగురి కుటుంబం ఒక్కసారిగా నాలుగు సీట్లు అడిగితే, తక్కువ రేటు సీట్లు మూడే ఉన్నప్పుడు అవి అసలు కనిపించకపోవచ్చు, లేదా నాలుగింటికీ ఎక్కువ రేటు చూపించవచ్చు. అందుకని ముందు ఒక్కరికి, తరువాత ఇద్దరికి వెతికి చూడడం మంచిది.

సంపాదన వైపు చెప్పవలసినది కొద్దిగానే ఉంది. నూటికి 4 పాయింట్లు ఇచ్చే కార్డు, నూటికి 2 పాయింట్లు ఇచ్చే కార్డు కంటే మెరుగని అనుకోవడం పొరపాటు. మొదటి కార్డు పాయింటు విలువ 0.25 అయితే రాబడి ఒక్క శాతం, రెండో కార్డు పాయింటు విలువ 1 అయితే రాబడి రెండు శాతం. దుకాణం ఏ కోవకు చెందుతుందో నిర్ణయించేది మన దృష్టి కాదు, ఆ వ్యాపారికి కార్డు వ్యవస్థలో కేటాయించిన నాలుగంకెల వర్గ కోడు. హోటలు లోపలి రెస్టారెంటులో తిన్న భోజనం హోటలు ఖర్చుగా నమోదు కావచ్చు. టికెట్టు ఎయిర్‌లైన్స్ దగ్గర కాకుండా ఏజెంటు దగ్గర కొంటే విమాన ఖర్చుగా లెక్కకు రాకపోవచ్చు. నగదుతో సమానమైన లావాదేవీలకు బ్యాంకులు రివార్డులు నిరాకరించడం వెనుక కూడా చరిత్ర ఉంది. అమెరికా టంకశాల 2008 నుంచి డాలరు నాణేలను ముఖ విలువకే, పోస్టు ఖర్చు లేకుండా ఇంటికి పంపేది. కొందరు వాటిని కార్డుతో కొని, నేరుగా బ్యాంకులో జమచేసి, మైళ్ళు మిగుల్చుకున్నారు. 2011లో టంకశాల ఆ నాణేలకు కార్డు చెల్లింపులను ఆపివేసింది. ఇటువంటి లొసుగులపై ఆధారపడిన ప్రణాళిక ఎప్పుడు కూలుతుందో తెలియదు, బ్యాంకు ఖాతాను మూసివేసి పాయింట్లను రద్దు చేసే ప్రమాదమూ ఉంటుంది. నేను ఎవరికీ ఆ దారి చూపించను.

కొత్తగా కార్డు తీసుకున్నవారికి ఇచ్చే వెల్‌కమ్ బోనస్, ఏడాది ఖర్చు లక్ష్యానికి ఇచ్చే మైల్‌స్టోన్ బోనస్ అనే రెండింటిని మాత్రం శ్రద్ధగా లెక్కవేయాలి. ఏడాదిలో 10,000 ఖర్చు చేస్తే 200 విలువైన బోనస్ ఇచ్చే కార్డు ఉందనుకుందాం. పదకొండో నెలకు 9,500 ఖర్చయి ఉంటే, మిగిలిన 500 మీద వచ్చే రాబడి 40 శాతం. ఆ సమయంలో వచ్చే నెల కట్టవలసిన బీమా ప్రీమియాన్నో, పిల్లల చదువు రుసుమునో ముందుకు జరిపి ఆ కార్డుతో కట్టడం తెలివైన పని. అయితే ఆ చెల్లింపుపై కార్డు వాడినందుకు అదనపు రుసుము వేస్తున్నారేమో చూసుకోవాలి. లక్ష్యం దాటిన మరుక్షణం ఆ కార్డు మళ్ళీ మామూలు ఒక శాతం కార్డే కనుక, తరువాతి ఖర్చును వేరే కార్డుకు మార్చాలి. అదే పదకొండో నెలకు మొత్తం 6,000 మాత్రమే ఖర్చయి ఉంటే, ఆ బోనస్ తనది కాదని వదిలేయాలి. అవసరం లేని 4,000 వస్తువులు కొని 200 సంపాదించడంలో అర్థం లేదు.

వార్షిక రుసుము ఎక్కువగా ఉన్న కార్డుల సౌకర్యాలను నేను ఒకే ప్రశ్నతో తూకం వేస్తాను: ఈ కార్డు లేకపోతే ఈ సౌకర్యానికి నేను సొంత డబ్బు ఎంత పెట్టేవాడిని? హోటలులో వాడుకోవడానికి 100 క్రెడిట్ ఇస్తామంటే, ఆ హోటలుకు ఎలాగూ వెళ్ళేవారికి అది దాదాపు 100; దానికోసమే ఖరీదైన గది తీసుకునేవారికి అది 100 కాదు, కొన్నిసార్లు నష్టం. ఎయిర్‌పోర్టు లాంజ్‌లకు కూడా ఇదే కొలత. నాలుగు గంటల విరామం ఉన్నప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు లాంజ్ నిజంగా ఊరట. నలభై నిమిషాల ముందు చేరుకునే మనిషికి అది కరపత్రంలోని బొమ్మ మాత్రమే. వెంట వచ్చేవారికి ప్రవేశం ఉచితమా, గత మూడు నెలల ఖర్చును బట్టి ప్రవేశం ఇస్తున్నారా అన్నవి ప్రయాణానికి ముందే చదువుకోవాలి, ఎందుకంటే ఈ నియమాలు ఇటీవల చాలా చోట్ల బిగుసుకుంటున్నాయి.

ప్రయాణ బీమా మాత్రం అందరూ పట్టించుకోని సౌకర్యం, నా దృష్టిలో లాంజ్ కంటే ఎంతో విలువైనది. చాలా కార్డులు విమానం ఆలస్యానికి, సామాను పోవడానికి, ప్రయాణం రద్దు కావడానికి పరిహారం ఇస్తాయి, కాని టికెట్టు ఆ కార్డుతోనే కొని ఉండాలన్న షరతు ఉంటుంది. మైళ్ళతో తీసుకున్న టికెట్టుకు కనీసం పన్నులైనా ఆ కార్డుతో కడితే బీమా వర్తిస్తుందా లేదా అన్నది పాలసీ పత్రంలో చూడాలి. కొన్ని పాలసీలలో కుటుంబ సభ్యులకు రక్షణ కార్డుదారు కూడా వెంట ఉన్నప్పుడే ఉంటుంది. ఆలస్యం జరిగిన రోజునే ఎయిర్‌లైన్స్ దగ్గర కారణంతో సహా ధ్రువపత్రం తీసుకుని, బోర్డింగ్ పాసును, ఆ సమయంలో అయిన ఖర్చుల రసీదులను దాచుకున్నవారికే పరిహారం సాఫీగా వస్తుంది. ఇంటికి చేరాక ఆ ధ్రువపత్రం కోసం తిరగడం చాలా కష్టం. అద్దె కారు తీసుకునేటప్పుడు కార్డు బీమా వర్తించాలంటే, అద్దె సంస్థ అమ్మే బీమాను నిరాకరించాలని చాలా పాలసీలు కోరతాయి. అలా నిరాకరించే ముందు మీ కార్డు ఆ దేశంలో, ఆ రకం వాహనానికి రక్షణ ఇస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకుని ఉండాలి.

దీనికి తోడు కొనుగోలు వివాదం లేవనెత్తే హక్కు ఉంది. సేవ అందకపోతే, అంటే విమాన సంస్థ దివాలా తీసినా, చెల్లించిన సొమ్మును వెనక్కి ఇప్పించమని కార్డు బ్యాంకును కోరవచ్చు. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షను, 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల వరకు ధర ఉన్న కొనుగోళ్ళకు బ్యాంకును కూడా బాధ్యురాలిని చేస్తుంది. నెలల ముందే టికెట్లు కొనే ప్రయాణికుడికి ఈ రక్షణ ఏ పాయింట్ల కంటే తక్కువది కాదు.

విదేశాల్లో కార్డు వాడేటప్పుడు రెండు రకాల కోతలు పొంచి ఉంటాయి. ఒకటి, బ్యాంకు వేసే విదేశీ మారక రుసుము. ఇది 3 శాతం ఉంటే 2 శాతం రివార్డు ఇచ్చే కార్డు వాడినా నష్టమే. రుసుము లేని కార్డు ఒకటి ప్రయాణాలకోసం ప్రత్యేకంగా ఉంచుకోవడం అవసరం. రెండోది, దుకాణంలోని యంత్రం మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా అని మర్యాదగా అడగడం. ఒప్పుకుంటే మారకపు రేటును ఆ దుకాణం వైపు సంస్థ నిర్ణయిస్తుంది, అది దాదాపు ఎప్పుడూ మనకు ప్రతికూలమే. ఎక్కడ ఉన్నామో అక్కడి కరెన్సీనే ఎంచుకోవాలి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం మాత్రం ప్రాణం మీదికి వస్తే తప్ప చేయకూడదు, ఎందుకంటే దానికి తీసిన క్షణం నుంచే వడ్డీ మొదలవుతుంది.

పాయింట్లను ఎన్నాళ్ళు దాచుకోవచ్చన్నది చివరి ప్రశ్న. డబ్బు బ్యాంకులో ఉంటే కొద్దిపాటి వడ్డీ అయినా వస్తుంది. పాయింట్లకు వడ్డీ ఉండదు, పైగా వాటి కొనుగోలు శక్తి తగ్గుతూ ఉంటుంది. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్ళో చెప్పే తమ స్థిరమైన అవార్డు పట్టికలను తీసివేశాయి. అప్పటి నుంచి ఒక టికెట్టుకు ఎన్ని మైళ్ళు కావాలో గిరాకీని బట్టి రోజుకో తీరుగా మారుతోంది. సంస్థ మూతపడితే పరిస్థితి మరీ ఘోరం. ఆస్ట్రేలియాలో 2001లో ఆన్సెట్ విమాన సంస్థ కుప్పకూలినప్పుడు, జర్మనీలో 2017లో ఎయిర్ బెర్లిన్ దివాలా తీసినప్పుడు సభ్యులు ఏళ్ళ తరబడి కూడబెట్టిన పాయింట్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. రెండేళ్ళలో చేయాలనుకున్న ఒక ప్రయాణానికి సరిపడా పాయింట్లు ఉంటే చాలునని, అంతకు మించి పోగుపడితే వెంటనే వాడేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రయాణం ఆలోచన లేని ఏడాదిలో క్యాష్‌బ్యాక్ కార్డు వాడుకోవడం అన్ని విధాలా సుఖం.

కార్డు మూసేయాలని నిర్ణయించుకున్నవారు ఒక క్రమం పాటించాలి. వార్షిక రుసుము పడడానికి నెల ముందు బ్యాంకుకు ఫోను చేసి, రుసుము మాఫీ చేస్తారా, బదులుగా పాయింట్లు ఇస్తారా అని అడగాలి. ఏడాది పొడవునా సక్రమంగా వాడిన ఖాతాదారుకు ఒప్పుకునే అవకాశం బాగానే ఉంటుంది. ఒప్పుకోకపోతే రుసుములేని కార్డుకు మార్చమని కోరవచ్చు, దానివల్ల పాత ఖాతా వయసు క్రెడిట్ చరిత్రలో నిలుస్తుంది. ఈ రెండూ కుదరకపోతే, ముందు పాయింట్లన్నిటినీ బదిలీ చేసో వాడుకునో ఖాతాను ఖాళీ చేసి, ఆ కార్డుపై నడుస్తున్న ఆటోమేటిక్ చెల్లింపులను వేరే కార్డుకు మార్చి, ఇప్పటికే బుక్ చేసిన ప్రయాణానికి ఆ కార్డు బీమా అవసరం లేదని నిర్ధారించుకుని, ఆ తరువాతే మూసివేత దరఖాస్తు పెట్టాలి. బ్యాంకు పాయింట్లు చాలా చోట్ల ఖాతా మూసిన రోజునే రద్దవుతాయి, ఎయిర్‌లైన్స్ ఖాతాకు అప్పటికే చేరిన మైళ్ళు మాత్రం సాధారణంగా మనవిగానే ఉంటాయి.